ఆసుపత్రిని మీరే ఎంచుకోండి

ఈ విద్యలో పాలమూరు వాళ్లకు అనుభవం ఎక్కువ. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని మొదలుపెట్టింది మూడు జిల్లాల్లోనే: శ్రీకాకుళం, అనంతపురం, మన మహబూబ్‌నగర్. (తేదీ చూసి నవ్వకండి, ఆపరేషన్లు నిజంగానే చేశారు.) వెనకబడ్డందుకు మనల్ని ముందు వరసలో నిలబెట్టిన సందర్భం అదొక్కటే కావచ్చు. తెల్లకార్డు ఉంటే చాలు, సర్కారు దవాఖానకు పోవాలా, పథకంలో ఉన్న ప్రైవేటుకు పోవాలా అన్నది రోగి ఇష్టం. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఏడాది పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఇన్ని లక్షలున్న మనిషి ఆసుపత్రిని దర్జాగా ఎంచుకోవాలి. పద్ధతి ఇదీ.

నొప్పి రాగానే తొందరపడొద్దు. ముందు ఊళ్లో ఆరెంపీని కలవండి. ఇంగ్లండులోనూ ఇంతే. మొదట జీపీని చూడాలి, ఆయన రాస్తే 2008 నుంచి అక్కడ నచ్చిన ఆసుపత్రికి పోవచ్చు. ఆయనకూ మనాయనకూ తేడా స్వల్పం, ఆయన డాక్టరీ చదివాడు. మనాయన ఒక సెలైను ఎక్కించి, రెండు సూదులేసి, అప్పటికీ తగ్గకపోతే ఫోను తీస్తాడు. "కాకా, ఇగ లేట్ చేయొద్దు. నాకు తెలిసిన దవాఖాన ఉంది. నేను చెప్పిన, నువ్వు పో." మీరు ఎంచుకోవడం అయిపోయింది. అందులో ఆయనకెంత ముడుతుందని అడగడం మర్యాద కాదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది కూడా ఆయనే మరి.

సెకండ్ ఒపీనియన్ కావాలా? ఆటో డ్రైవరును అడగండి. ఆయనకూ తెలిసిన దవాఖాన ఉంటుంది.

కౌంటరు దగ్గర కార్డు జిరాక్సులు ఒక దొంతర పట్టుకుని నిలబడండి. "ఆరోగ్యశ్రీ ఉందా?" అంటే "ఉంది" అంటారు. అక్కడే సంబరపడొద్దు. మీ జబ్బుకు ఉందా, ఈ డాక్టరుకు ఉందా, ఈ నెలలో ఉందా అని విడివిడిగా అడగాలి. ఈ నెల సంగతి ముఖ్యం. 2025 సెప్టెంబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. కాబట్టి జబ్బు పడేముందు పేపరు చూసుకోండి. బిల్లులు విడుదలైన వారంలో పడితే శ్రేష్ఠం.

ఈ తలనొప్పంతా వద్దనుకుంటే జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రి ఉంది. 2016లో దానికి మెడికల్ కాలేజీ కూడా తోడైంది. అక్కడ ఎంచుకునే శ్రమే లేదు. ఆ రోజు ఏ యూనిట్ ఓపీ ఉంటే ఆ డాక్టరే మీ డాక్టరు. కేసు పెద్దదైతే "హైదరాబాద్‌కు రాస్తున్నం" అంటారు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా ఓ వంద కిలోమీటర్లు. గాంధీనా, ఉస్మానియానా, నిమ్సా అన్నది అంబులెన్సులో తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. పథకంలో లేని చికిత్సకు నిమ్స్‌లో ఎల్వోసీ (ఖర్చు సర్కారు భరిస్తుందన్న పత్రం) కావాలంటే ఎమ్మెల్యే లెటరు పట్టుకుపోవాలి. అంటే మీ ఆసుపత్రిని మీరు పోలింగ్ రోజే ఎంచుకుని ఉండాల్సింది.

ఇంత చేసి బతికి బయటపడ్డాక డిశ్చార్జి రోజు ఒక కాగితం ఇస్తారు. చికిత్స బాగుంది, నా దగ్గర పైసా తీసుకోలేదు అని రాసి ఉంటుంది. స్కానింగుకు కట్టిన డబ్బు జేబులో చీటీ రూపంలో గుచ్చుకుంటుంటే, ఆ కాగితం మీద వేలిముద్ర వేయడం ఎలాగో మాత్రం నేను నేర్పలేను.

పథకం కింద చేర్చుకున్న చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు, పరీక్షలకైనా సరే. అడిగితే రశీదు ఇమ్మనండి, 104కు ఫోన్ చేయండి. ఆ ఫోనుకు ఛార్జీ లేదు.