సబ్జెక్టున్న సారు

పుంగనూరులో ఈ సారును వెతకనక్కర్లేదు. ఏ జూనియర్ కాలేజీ ముందు టీ అంగట్లో అడిగినా చెప్తారు: "ఆయప్పకు సబ్జెక్టుండాది సామీ, చెప్పేదానికే రాదు."

ఎమ్మెస్సీ ఫిజిక్సు. పుస్తకం ముట్టడు. బోర్డు మీద మొదటి లైను రాసి, నాలుగు మెట్లు మనసులోనే ఎక్కేసి, ఆరో లైను రాసి "తెలిసిందే కదా" అంటాడు. ఆయనకు తెలిసిందే. ముందు బెంచీ వాళ్లు "అర్థమైంది సార్" అనేస్తారు. లేదంటే మళ్లీ అదే మొదట్నించి చెప్తాడని భయం.

బి.ఇడి. మాటెత్తితే మండిపోతాడు. "చాక్‌పీసు పట్టుకునేది నేర్చుకోను రెండేళ్లా?" ఏడాది కోర్సును 2015లో రెండేళ్లు చేసినప్పటి నుంచి కోపమూ రెట్టింపయింది. నిబంధనలూ ఆయన పక్షమే. పదో తరగతి దాకా చెప్పాలంటే శిక్షణ కావాలి, ఇంటర్‌కు పీజీ చాలు. మార్చిలో పది పరీక్ష రాసిన పిల్లోడు జూన్‌కల్లా ఎవరెట్లా చెప్పినా అర్థం చేసుకునేంత పెద్దోడైపోతాడని సర్కారు నమ్మకం కాబోలు. డిగ్రీ లేకున్నా, 15 ఏళ్ల అనుభవముంటే 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' కావొచ్చని 2022లో యూజీసీ అన్నరోజు స్టాఫ్‌రూముకంతా మైసూర్‌పాకు పంచినాడు.

ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. సీనియర్ల రికార్డు చూసి పాఠ్యపథకాలు ఎత్తిరాసి, 'పునశ్చరణ' కింద ఎర్రసిరాతో గీత కొట్టి పాసైనవాళ్లను నేనూ ఎరుగుదును. వాళ్ల పాఠం బ్రహ్మాండంగా సాగుతుంది, ఎవడో ఒకడు లేచి ప్రశ్న అడిగేదాకా.

సారు ఆఖరి అస్త్రం ఠాగూరు. "1919లో మదనపల్లె బీటీ కాలేజీకొచ్చి జనగణమన నేర్పినాడే, ఏ ట్రైనింగయినాడు?" ఏమీ కాలేదు. కానీ శాంతినికేతన్‌లో 1901 నుంచి పిల్లలతో వేగుతున్న మనిషాయన. పైగా పాటను స్వరాల్లో పెట్టేదానికి ప్రిన్సిపాల్ గారి భార్య, సంగీతం చదువుకున్న మార్గరెట్ కజిన్స్ చేయి కూడా కావాల్సివచ్చింది. ఈ మాటంటే సారుకు పీరియడు గుర్తొస్తుంది.

మొన్న కారు నేర్చుకోను చేరినాడు. మదనపల్లె రోడ్డులో బండి ఎగిరెగిరి ఆగిపోతా ఉంది.

"క్లచ్చి యాడ వదలాల్నో అదే తెలిసిపోతాది సార్," అన్నాడు నేర్పేవాడు, ఇరవై ఏళ్లు లారీ తోలినవాడు.

"నీకు తెలిస్తే నాకేం లాభమప్పా! ఒకటొకటిగా చెప్పలేవా?"

"అట్ల చెప్పేదానికి నేనేం బి.ఇడి. చేసినానా సార్?"