ఒంటి కుర్చీ హాలు

మా తోడల్లుడిగారి హాలు ఇరవై అడుగుల పొడవు, పద్నాలుగు అడుగుల వెడల్పు. అందులో కుర్చీ ఒక్కటే. డబ్బుకి లోటుండి కాదు. బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ చేసి రిటైరైన మనిషి, హైదరాబాదు విద్యానగర్‌లో సొంత ఫ్లాటు, కొడుకు అమెరికాలో. అంత హాల్లోనూ శబ్దం సవ్యంగా వినబడే చోటు ఒకే ఒక్కటి ఉందిట, అక్కడ కుర్చీ వేశారు. రెండు స్పీకర్లూ, వినేవాడి తలకాయా కలిసి సమబాహు త్రిభుజం కావాలి. భుజం ఎనిమిది అడుగులు. నేలమీద గుర్తుకి తెల్ల టేపు ముక్కలు అంటించి ఉంటాయి. తడిగుడ్డ పెట్టే పనిమనిషి ఆ కుర్చీని తాకకుండా చుట్టూ ప్రదక్షిణం చేసి వెళ్ళిపోతుంది.

ఇంటికొచ్చిన చుట్టాలు గోడవార నిలబడాలి. వంతుల వారీగా ఒక్కొక్కరే కుర్చీలో కూచుని, అర నిమిషం విని, "అబ్బ!" అని లేచి, వెనకవాళ్ళకి దారివ్వాలి. తిరుమల కొండమీద "జరగండి, జరగండి" అని నెట్టేవాళ్ళే నయం, స్వామివారు ఎలా ఉన్నారని బయట పట్టుకుని పరీక్ష పెట్టరు. అన్నగారు పెడతారు.

"తబలా ఎక్కణ్ణుంచి వినబడింది?"

"మధ్యలోంచి అన్నగారూ."

"మధ్యలోంచా? ఇంకాస్త వెనక, ఎడమచేతి వైపు. ఏదీ, మళ్ళీ కూచో."

ఇలా మూడుసార్లు కూచుని లేచాక నాకు తబలా బాల్కనీలోంచి కూడా వినబడింది. ఒప్పుకుంటే కాఫీ వస్తుంది కదా.

ఆయనకి పాటంటే ఒక బ్రాంచి. వెళ్ళడం, ఫైలు తీయడం, లోపం పట్టడం, రాసుకోవడం, మూసెయ్యడం. నిజంగానే రాసుకుంటారు. కొత్త సంవత్సరానికి పాత బ్యాంకువాళ్ళు ఇచ్చే డైరీలో గీతలు కొట్టి, తేదీ, ఆల్బమ్, రిలీజు, రిమార్కులు అని నాలుగు గళ్ళు పెట్టారు. మామూలు మనుషులు "ఏ పాట?" అని అడుగుతారు. ఆయన "ఏ రిలీజు?" అంటారు. ఒకే ఆల్బమ్ ఒక దేశంలో ఒకలా, ఇంకో దేశంలో ఇంకోలా అచ్చవుతుందనీ, మొదటి అచ్చు వేరు, పదేళ్ళ తర్వాత రీమాస్టర్ చేసింది వేరనీ నాకు ఆయన వల్లే తెలిసింది. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆయన దగ్గర ఏడు ఉన్నాయి. ఏడూ ఒకటే కదా అని మా అబ్బాయి నోరు జారాడు. "ఏడు కొండలూ ఒకటేనా?" అన్నారు. వాడు మాట్లాడలేదు.

ఆ ఏడింటిలోనూ ఆయన వినేది గడియారాలు. 1973లో వచ్చిన ఆ ఆల్బమ్‌కి ఇంజనీరు అలన్ పార్సన్స్. పాత గడియారాలమ్మే కొట్టుకి వెళ్ళి, ఒక్కో గడియారం గంటనీ విడివిడిగా రికార్డు చేసుకొచ్చాడు. అన్నీ ఒక్కసారి గణగణా మోగుతాయి. గంటలైపోగానే అన్నగారు ఆపేస్తారు. ఆ తర్వాత పాట ఉందన్న సంగతి ఆ ఇంట్లో పుకారు కిందే లెక్క.

'హోటల్ కాలిఫోర్నియా' గతీ అంతే. ఈగిల్స్ వాళ్ళు 1994లో 'హెల్ ఫ్రీజెస్ ఓవర్' ఆల్బమ్‌లో సభలో వాయించిన పద్ధతి ఒకటుంది. ముందు గిటార్లు, ఆ తర్వాత ధుమ్మని ఒక డోలు దెబ్బ. స్పీకర్లమ్మే కొట్టుకి వెళ్తే దానితోనే ఆవాహన. గాయకుడు నోరు విప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది, అన్నగారికి అంత వ్యవధి ఉండదు. దెబ్బ పడుతుంది, కిటికీ అద్దం కదులుతుంది, ఆయన డైరీలో టిక్కు పెడతారు, అయిపోతుంది. మా అబ్బాయి ఇంటర్లో చేరేదాకా అది మాటల్లేని పాట అనుకున్నాడు.

గొంతు పరీక్షకి సుజాన్ వేగా. 1987లో వచ్చిన 'టామ్స్ డైనర్'లో వాద్యాలేమీ ఉండవు, ఆవిడ ఒక్కతే పాడుతుంది. జర్మనీలో ఎంపీత్రీ తయారు చేస్తున్నవాళ్ళలో ముఖ్యుడైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, తన పద్ధతి ఆ గొంతు దగ్గర తేలిపోతోందని, అదే పాట పెట్టుకుని మళ్ళీ మళ్ళీ సరిచేసుకున్నాడు. అన్నగారికి ఈ కథంటే ఇష్టం, ఎంపీత్రీ అంటే అసహ్యం. శత్రువు పుట్టిన ఊరు చూసి వచ్చినవాడిలా చెబుతారు.

నేను నవ్వుతాను గానీ, ఒక విషయంలో ఆయన వాదన నూటికి నూరుపాళ్ళూ న్యాయం. ఒకసారి పాత సీడీ, కొత్త రీమాస్టర్ పక్కపక్కన పెట్టి వినిపించారు. కొత్తది వెంటనే చెవినబడింది, బలంగా ఉంది. పదినిమిషాలకి తలనొప్పి వచ్చింది. అప్పుడు వదిన చేత విస్తరి తెప్పించినంత పని చేసి వివరించారు. సీడీలో శబ్దానికి ఒక పైకప్పుంది, అంతకు మించి గట్టిగా మోగదు. మరి పక్కవాడి పాటకన్నా మన పాట గట్టిగా వినబడాలంటే? మెల్లగా ఉన్న చోట్లన్నీ పైకి లేపి కప్పు దాకా నింపెయ్యడమే. "పప్పులో, కూరలో, పులుసులో, చివరికి పెరుగులో కూడా ఒకే కారం వేసి వడ్డిస్తే భోజనం అంటావా, తమ్ముడూ?" అన్నారు. 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' ఇలాగే వస్తే, వీడియో ఆటలో పెట్టిన అవే పాటలు సీడీ కన్నా బావున్నాయని అభిమానులే గోల పెట్టారు. ఈ లెక్కన చాలా ఆల్బమ్‌లకి ఎనభైల్లో వచ్చిన పాత సీడీయే మేలు. అందుకే ఆయన ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టల పక్కన మోకాళ్ళమీద కూచుంటారు. మోకాళ్ళ నొప్పులని ఆయన వాకింగ్ మానేసి నాలుగేళ్ళయింది.

అక్కడ ఆయన రికార్డు కొనే తీరు చూడాలి. బొమ్మ చూడరు, పేరు చూడరు. నల్లటి పళ్ళేన్ని ఎండకి వాల్చి, పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి చోట గీసిన అక్షరాల కోసం వెతుకుతారు. ఏ అచ్చు దిమ్మ నుంచి వచ్చిందో, ఒక్కోసారి ఎవరు చెక్కారో అక్కడ ఉంటుంది. జాతకం చూసే మొహం పెడతారు. కొట్టువాడు ఆ మొహం చూసి రేటు పెంచుతాడు. ఆయనకి కావలసినవి రెండక్షరాలు: ఆర్, ఎల్. 1969లో లెడ్ జెప్పెలిన్ రెండో ఆల్బమ్‌ని రాబర్ట్ లడ్విగ్ అనే ఇంజనీరు ఒళ్ళు మరిచి చెక్కాడు. ఆ ఊపు ఎంతటిదంటే, కంపెనీవాళ్ళు పరీక్షకి పెట్టిన ఒక చిన్న ప్లేయర్ మీద ముల్లు ఎగిరి పక్కకి దూకిందిట. రికార్డు పాడైందనుకుని, ఊపు తగ్గించి మళ్ళీ చెక్కించారు. తప్పు ప్లేయరుది, శిక్ష పాటకి. ఆ మొదటి అచ్చులే ఇప్పుడు వెలకట్టలేనివి. అబిడ్స్‌లో అది దొరకదని ఆయనకీ తెలుసు. కానీ ప్రతి ఆదివారం వెళ్తారు. లాటరీ టిక్కెట్టుకన్నా ఇది చవకని వదిన కూడా ఊరుకుంటుంది.

2022లో ఒక పిడుగు పడింది. ఖరీదైన రికార్డులు వేసే ఒక అమెరికా కంపెనీ, అచ్చంగా పాత టేపు నుంచే తీస్తున్నారని అందరూ నమ్మిన తన రికార్డుల్లో చాలావాటికి మధ్యలో ఒక డిజిటల్ మెట్టు ఉందని ఒప్పుకుంది. అన్నగారి దగ్గర అవి నాలుగున్నాయి. నాలుగింటికీ డైరీలో ఆయన సొంత దస్తూరీతో "డిజిటల్ వాసన బొత్తిగా లేదు" అని ఉంది. రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. పరామర్శకి మేం బత్తాయిలు పట్టుకుని వెళ్ళాం. మూడోరోజు తేరుకుని ఆ గడిలోనే చిన్నక్షరాలతో "అయినా బాగుంది" అని చేర్చారు. ముప్పై ఐదేళ్ళ ఇన్‌స్పెక్షన్‌లో తన రిపోర్టు తనే దిద్దుకోవడం అదే మొదలట.

ఇక ఆ ఇంట్లో పరీక్ష జరిగే గంట సంగతి. ముందు ఫ్యాను ఆపుతారు. తర్వాత ఏసీ. తర్వాత ఫ్రిజ్జు, అది గుర్రుమంటుంది కనక. మే నెలలో ఒకసారి 'ఏజా' అనే ఆల్బమ్ మొదటి అచ్చుకీ రెండో అచ్చుకీ తేడా తేల్చేసరికి ఇడ్లీపిండి పులిసి గిన్నె దాటింది. కుక్కరు పెట్టకూడదు. పెడితే విజిల్ రాకముందే దించాలి. ఎదురింటి వాళ్ళు తాళింపు వేస్తే ఆయన తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కుతారు. మొత్తానికి ఆ హాల్లో ఏ శబ్దమూ లేకుండా చెయ్యడానికి అయ్యే శబ్దం ఇంతా అంతా కాదు.

మా అత్తగారు పోయినేడు నెల్లాళ్ళు అక్కడ ఉన్నారు. కాస్త ఘంటసాల భగవద్గీత పెట్టవయ్యా అన్నారు. అన్నగారు ఇబ్బందిగా కదిలి, "పెట్టొచ్చు అత్తయ్యగారూ, నా దగ్గరున్న రిలీజు అంత సరిగా లేదు" అన్నారు. "కృష్ణుడు చెప్పిందేనా, వేరే ఎవరైనా చెప్పారా?" అని ఆవిడ అడిగారు. ఆ సాయంత్రమే పక్క ఫ్లాటు వాళ్ళ ఫోనులో పద్దెనిమిది అధ్యాయాల నుంచీ ఏరిన శ్లోకాలన్నీ విని, కళ్ళు తుడుచుకుని వచ్చి పడుకున్నారు.

చెవుల విషయం కూడా చెప్పి తీరాలి. మనిషి చెవి సెకనుకి 20 కంపనాల నుంచి 20,000 దాకా వింటుందని పుస్తకాల లెక్క. అది పసివాళ్ళ చెవి. వయసు వచ్చేకొద్దీ పైనుంచి అరుగుతూ వస్తుంది. మా అమ్మాయి ఫోనులో ఒక ఆప్ పెట్టి, సన్నటి కీచుమనే మోతలు వరసగా వినిపించింది. పదకొండు వేలు దాటగానే అన్నగారు "ఆపేశావేం?" అన్నారు. అది ఆపలేదు, పైగా చెవులు మూసుకుని కూచుంది. వంటింట్లో పిల్లి లేచి బయటికి పోయింది. అంతకు ముందు నెలే ఆయన ముప్పై వేల కంపనాల దాకా పలికే ట్వీటర్లు వేయించారు. ఒక నిమిషం ఆలోచించి, "వినబడకపోవచ్చు, కానీ ఉన్నట్టు తెలుస్తుంది" అన్నారు. దేవుడి గురించి మా తాతయ్య కూడా సరిగ్గా ఇదే మాట అనేవాడు, నేను ఎదురు చెప్పలేదు.

ఇంతటి మనిషి దగ్గర తెలుగు రికార్డులు బహు తక్కువ. పాతవన్నీ మోనో, కొత్తవన్నీ కారం అంటారు. ఉన్నవాట్లో 'గీతాంజలి' మాత్రం వేరే అరలో ఉంటుంది. 1989 సినిమా, ఇళయరాజా సంగీతం. ఎల్పీ, క్యాసెట్లు రెండు, సీడీలు మూడు, ఫోనులో వచ్చేది ఒకటి. అందులో చిత్ర పాడిన వాన పాట ఒక్కటే ఆయన మొదట్నుంచి చివరిదాకా వింటారు. డైరీలో దానికి ఒక పేజీ పూర్తిగా కేటాయించారు. ఏడు రిలీజులకీ ఏడు రిమార్కులు, ఏడూ ఒకటే: "రెండో చరణం ముందు ఏదో తక్కువ."

ఆ తక్కువ కోసం ముల్లు మార్చారు. వైర్లు మార్చారు, ఆ వైర్ల ఖరీదుతో మా ఇంట్లో వాషింగ్ మెషీను వచ్చేది. స్పీకర్ల కింద గ్రానైటు పలకలు వేశారు. అదే చోట అలాగే తల అడ్డంగా ఊపుతారు.

పోయిన నెల కాఫీ కలుపుతూ వదిన నాకు చెప్పింది. పెళ్ళైన కొత్తలో వాళ్ళు గుంటూరులో ఉండేవాళ్ళు. పుట్టింటివాళ్ళు పెట్టిన టూ-ఇన్-వన్, అరండల్‌పేటలో రికార్డింగ్ షాపువాడికి జాబితా రాసిచ్చి చేయించుకున్న క్యాసెట్టు. ఒక సాయంత్రం ఆవిడ పాట మధ్యలో ఆపి, మళ్ళీ పెట్టబోయి, ప్లే మీటతో పాటు ఎర్ర మీట కూడా కలిపి నొక్కేసింది. చెరపకుండా ఉండాలంటే క్యాసెట్టు పైన రెండు చిన్న రేకులు విరగ్గొట్టాలి, షాపువాడు విరగ్గొట్టలేదు. సరిగ్గా అప్పుడే బయట వాన మొదలైంది. ఆవిడ గుమ్మంలోంచి అరిచిన అరుపు రెండో చరణం ముందు ఎక్కేసింది. తర్వాత పదేళ్ళు, ఆ క్యాసెట్టు టేపు చుట్టుకుని చచ్చేదాకా, ఆ పాట ఆ ఇంట్లో అలాగే మోగింది.

"మరి ఆయనకి చెప్పలేదా వదినా?"

"ఆయన నన్నడిగితే కదా. ముల్లునడుగుతారు, వైర్లనడుగుతారు."

కాఫీ గ్లాసులు పట్టుకుని హాల్లోకి వచ్చాం. ఫ్యాను ఆపి ఉంది. అన్నగారు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు, ఎల్పీ తిరుగుతోంది. మొదటి చరణం అయింది, వాద్యాలు అయ్యాయి. నేను గోడవార నిలబడ్డాను. వదిన వంటింటి గుమ్మంలో ఆగి, ముప్పై ఏళ్ళనాటి గొంతు పెట్టి ఒక్క అరుపు అరిచింది.

"ఏవండీ! పైన బట్టలు తడుస్తున్నాయి!"

అన్నగారు కళ్ళు తెరవలేదు. తల అడ్డంగా ఊపలేదు. చెయ్యి చాచి ముల్లు పైకెత్తారు.

"అర సెకను లేటు," అన్నారు. "మొదట్నుంచి పెడతాను. ఈసారి కొంచెం ఎడమకి జరిగి అరువు."

వదిన గ్లాసులు నా చేతిలో పెట్టి, ఎడమకి జరిగింది.