ఇతర సామగ్రి: 63,099 కోట్లు

రక్షణ బడ్జెట్‌లో నాకు బాగా నచ్చిన పద్దు 'ఇతర సామగ్రి'. 2025-26 సంవత్సరానికి రక్షణ శాఖ మొత్తం కేటాయింపు 6,81,210 కోట్ల రూపాయలు. అందులో కొనుగోళ్లకూ కట్టడాలకూ పెట్టే మూలధన వ్యయం 1,80,000 కోట్లు. అందులో మళ్లీ విమానాలు, విమాన ఇంజిన్లకు 48,614 కోట్లు, నౌకాదళ ఓడలకు 24,390 కోట్లు, ఇతర సామగ్రికి 63,099 కోట్లు. విమానమంటే తెలుసు, ఓడంటే తెలుసు. ఈ 'ఇతర' ఎవరో గాని ఇద్దరినీ దాటేశాడు. మా వీధి వినాయక చవితి కమిటీ జమాఖర్చుల్లో 'ఇతర ఖర్చులు రూ.1,150' అని రాసినందుకు కోశాధికారిని నిమజ్జనం ట్రాక్టరు ఎక్కనివ్వలేదు. పాపం, ఆయన చేసిన తప్పల్లా ఒక్కటే. అంకె మరీ చిన్నది వేశాడు.

మన దగ్గర లెక్క చిన్నదైతే బోర్డు మీదకెక్కుతుంది, పెద్దదైతే బీరువాలోకి వెళుతుంది. సిమెంటు రోడ్డు వేస్తే శిలాఫలకం మీద ఎన్ని లక్షలో రాస్తారు. ఉద్దానం మంచినీటి పథకం దాదాపు 700 కోట్లని పలాసలో బడికెళ్లే పిల్లాడు కూడా చెబుతాడు. అక్కడి నుంచి ఇంకాస్త పైకెళ్లేసరికి అంకెలకు సిగ్గు మొదలవుతుంది.

అరసవల్లి సూర్యదేవాలయంలో హుండీ లెక్కింపు చూసినవాళ్లకు నేను చెప్పేది ఇట్టే అర్థమవుతుంది. ఆలయ మండపంలో దుప్పట్లు పరుస్తారు. ఈఓ ఒక పక్క, దేవాదాయ శాఖ పర్యవేక్షకుడు ఒక పక్క, పైన కెమెరా. సేవకు వచ్చినవాళ్లు వరసలు కట్టి కూచుని పదులు ఒక కుప్ప, ఇరవైలు ఒక కుప్ప, చిల్లర ఒక కుప్ప చేస్తారు. ఎనిమిది మడతలు పెట్టి వేసిన మొక్కుబడి నోటును ఒక పెద్దావిడ మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపు చేస్తుంది. మర్నాడు జిల్లా పేజీలో నగదు రూపాయితో సహా వస్తుంది. బంగారం ఇన్ని గ్రాములు, వెండి ఇంత, ఏ దేశపు నోట్లు ఎన్ని పడ్డాయో అదీ వస్తుంది. కర్మసాక్షి అని పేరున్న దేవుడు. ఆయన ఖాతాకే ఇంతమంది సాక్షులు కావలసి వచ్చింది.

ఆ స్వామి పాదాల మీద ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొద్ది నిమిషాల పాటు కిరణాలు పడతాయి. రక్షణ శాఖ లెక్కల మీద కూడా ఒకప్పుడు ఆ మాత్రం వెలుగు పడేది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు వెబ్‌సైట్‌లో ఉండేవి, ఎవరైనా దించుకుని చదివేవారు. 2017లో వచ్చిన నివేదిక కొన్ని రకాల మందుగుండు పది రోజుల యుద్ధానికైనా చాలదని చెప్పింది. దరిమిలా మందుగుండు నిల్వల సంగతి ఏమైందో గాని, వెబ్‌సైట్‌లో రక్షణ నివేదికలు మాత్రం కనపడడం మానేశాయి. కాగ్‌గా పనిచేసి 2020లో దిగిపోయిన రాజీవ్ మెహ్రిషి కారణం కూడా చెప్పారు. వాషింగ్టన్‌లోనో బీజింగ్‌లోనో ఇస్లామాబాద్‌లోనో ఎవరైనా చూస్తూ ఉండవచ్చట. వాళ్ల పని మనమెందుకు సులువు చేయాలట. నివేదిక మాత్రం పార్లమెంటులో పెడతారు, అచ్చు ప్రతులు ఎంపీల చేతికి వెళతాయి, విలేకరులు రాస్తారు. అంతరిక్షం నుంచి గల్వాన్‌లో మన గుడారాలు లెక్కపెట్టగలిగిన చైనా, ఒక పీడీఎఫ్ దొరక్క చతికిలబడిందని నమ్మాలి. నమ్ముదాం. దేశభక్తి కన్నా పీడీఎఫ్ ఎక్కువ కాదు.

ఆ ముందు ఏడాది, 2019 ఫిబ్రవరిలో, రఫేల్ విమానాల మీద కాగ్ నివేదిక సభకు వచ్చింది. పాత బేరం కన్నా కొత్త బేరం 2.86 శాతం చౌక అని అందులో తేల్చారు. ధరలుండాల్సిన గళ్లలో మాత్రం అంకెలు లేవు. ఎంతకి కొన్నదీ చెప్పకుండా ఎంత మిగిలిందో దశాంశాలతో సహా చెప్పడం అకౌంటెన్సీలో కొత్త శాఖ. మరుసటి నెలలో రఫేల్ పత్రాలు రక్షణ శాఖ నుంచి దొంగిలించారని అటార్నీ జనరల్ సుప్రీంకోర్టులో అన్నారు. రెండు రోజులు తిరక్కుండానే, పోలేదు, ఫొటోకాపీలు తీశారని నా ఉద్దేశమన్నారు. దేశ రహస్యం ఎంత భద్రంగా ఉందో వినగానే నాకు కొండంత ధైర్యం వచ్చింది.

గార వైపు మాకో సుబేదారు మావయ్య ఉన్నాడు. సైన్యాన్ని ఎవరేమన్నా ఊరుకోడు. మొన్న మిల్లు కూడలిలో టీ తాగుతూ ఆయన్నే అడిగాను.

"ఏటి మావయ్యా, మిలట్రీ కర్సు రహస్యవేనా?"

"కాదేటి మరి? శత్రువుకి తెలిసిపోదూ?"

"నీ పింఛనెంత?"

టక్కున చెప్పాడు. "ఏ ర్యాంకుకి ఎంతో టేబులు పెట్టీసినారు గదా నెట్టులో, సూసుకో."

"మరది శత్రువుకి తెలిసిపోదా?"

"నా పింఛను తెలిసి ఆడేటి సేసుకుంటాడు?"

"విమానం ధర తెలిసి ఏటి చేసుకుంటాడు?"

మావయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు రోడ్డుకేసి చూశాడు. "అమ్మినోడికి తెల్సు. కొన్నోడికి తెల్సు. డబ్బులిచ్చినోడికే తెల్దన్నమాట," అన్నాడు. తర్వాత, నేను అడగకుండానే, నవంబరు సంగతి ఎత్తాడు. ఏటా ఆ నెల్లో తాను బతికే ఉన్నానని ప్రభుత్వానికి రుజువు చూపించాలి. వేలిముద్రలు అరిగిపోయాయి, మిషను ఒప్పుకోదు. "ఎదర కూకున్నాను బాబూ, ఇంకేటి సేయాలి అంటే, ముద్ర పడ్డం లేదు తాతా అంతాడు."

అదే 2025-26 బడ్జెట్‌లో 34 లక్షలకు పైగా ఉన్న రక్షణ పింఛనుదారులకు 1,60,795 కోట్లు. ఆ పద్దులో ఒక్కొక్కరు ఏటా ఊపిరి పీల్చి చూపించాలి. చేరబోయే కుర్రాళ్ల సంగతీ అంతే. తెల్లవారుజామున శ్రీకాకుళం 80 అడుగుల రోడ్డులో చెప్పుల్లేకుండా పరిగెత్తేవాళ్లను ఆపి అడగండి. 1.6 కిలోమీటర్లు ఎన్ని నిమిషాల్లో, ఛాతీ 77 సెంటీమీటర్లు, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి, అగ్నివీరుడికి మొదటి ఏడాది నెలకు 30,000, చేతికొచ్చేది 21,000, నాలుగేళ్లు నిండితే సేవానిధి 11.71 లక్షలు. అన్నీ కంఠతా వచ్చు. సిక్కోలు కుర్రాడి ఛాతీ కొలత బహిరంగం. వాడు మోయబోయే సామగ్రి వివరాలకు వచ్చేసరికి 'ఇతర'.

మన సముద్రం వైపు చూస్తే ఇంకా సరదా. విశాఖలో అణు జలాంతర్గామి కట్టిన పథకానికి ఏళ్ల తరబడి ఉన్న పేరు 'అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ వెసెల్'. అంటే ఆధునిక ఓడ. అంతకు మించి అడగకూడదు. 2009 జులై 26న ప్రధాని మన్మోహన్ సింగ్ సమక్షంలో నీటిలోకి దించి అరిహంత్ అని పేరు పెట్టేదాకా అధికారికంగా దాని రూపురేఖలు ఎవరికీ తెలియవు, అనధికారికంగా విశాఖలో తెలియనివాడు లేడు. దాని తమ్ముడు అరిఘాత్‌ను 2024 ఆగస్టు 29న నౌకాదళంలోకి తీసుకున్నారు. వేడుక ఫొటోలు వచ్చాయి, జలాంతర్గామి ఫొటో రాలేదు. ఇక్కడ మాత్రం నేను ప్రభుత్వం పక్షమే. అణు జలాంతర్గామి దాక్కోవాలి, అదే దాని ఉద్యోగం. కానీ దాని వెనకాల గుడ్లూ బూట్లూ పప్పూ రేకుల షెడ్లూ కూడా దాక్కుంటే ఎలా? క్షిపణులు, రాడార్లు తయారుచేసే డీఆర్‌డీఓకు 2025-26 కేటాయింపు 26,816 కోట్లు. సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ కింద దానికి మినహాయింపు ఉంది. అవినీతి ఆరోపణలకు, మానవ హక్కుల ఉల్లంఘనలకు ఆ మినహాయింపు వర్తించదు. అంటే అవినీతి జరిగిందని ముందు మనం ఆరోపించాలి. సమాచారం లేకుండా ఆరోపించడం ఎలాగన్నది మాత్రం చట్టంలో లేదు.

లెక్క దాచే విద్యలో మనకన్నా ఆరితేరినవాళ్లు సోవియట్ వాళ్లు. ప్రపంచంలో సగాన్ని భయపెట్టిన సైన్యం ఏడాది ఖర్చు 20 బిలియన్ రూబుళ్లేనని వాళ్లు ఏళ్ల తరబడి అచ్చువేశారు. 1989 మేలో గోర్బచేవ్ లేచి, కాదు, 77.3 బిలియన్లు అన్నాడు. రాత్రికి రాత్రి దాదాపు నాలుగింతలు. అదీ తక్కువేనని చాలామంది అనుమానించారు. రెండున్నరేళ్లకు లెక్క వేయాల్సిన దేశమే లేకుండా పోయింది. వారసత్వం పుచ్చుకున్న రష్యా 2022 నుంచి నెలవారీ బడ్జెట్ ఖర్చుల వివరాలనే మూసేసింది. సిక్కోలు కూడా ఒకరకంగా కమ్యూనిజం వచ్చి వెళ్లిన నేలే. 1967లో లేవిడిలో కోరన్న, మంగన్న హత్యతో రాజుకుని 1970లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణం దాకా నడిచిన గిరిజన పోరాటం రోజుల్లో మన్యంలో గొడవకు మూలం భూమీ అప్పులూ. అప్పు పుస్తకం షావుకారు దగ్గరే ఉంటే అడుగున ఎంత తేలుతుందో అక్కడివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అదే సోవియట్ కడుపున పుట్టిన ఉక్రెయిన్ కథ వేరు. 2023 జనవరిలో, నెత్తిమీద క్షిపణులు పడుతుండగా, అక్కడి ఒక విలేకరి సైన్యం తిండి కాంట్రాక్టు బయటపెట్టాడు. కీవ్ దుకాణంలో 7 హ్రివ్నాలకు దొరికే కోడిగుడ్డు రక్షణ శాఖకు 17 పడింది. సాంకేతిక పొరపాటు అని మంత్రిగారు అన్నారు. ఏ దేశంలోనైనా సాంకేతిక పొరపాట్లు ధరను పెంచే వైపే జరుగుతాయి, అది వాటి సాంకేతికత. ఉపమంత్రి ఆ నెలలోనే రాజీనామా చేశాడు. మరుసటి నెలలో వాళ్ల పార్లమెంటు చట్టం చేసింది: తిండీ తదితర సరుకులు సైన్యం ఏ ధరకు కొన్నదో ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో పెట్టి తీరాలని. సెప్టెంబరులో మంత్రి కూడా మారాడు. గుడ్డు ధర తెలుసుకున్నందువల్ల రష్యాకు ఒక్క గ్రామం కూడా అదనంగా దక్కినట్టు వినలేదు.

మనకూ గుడ్డు ధర రోజూ పేపర్లో వస్తుంది, ఇవాళ విశాఖలో వందకు ఎంతో చూసుకోవచ్చు. సైన్యం ఎంతకి కొంటుందో చూసుకోవడానికే చోటు లేదు. 2017 జనవరిలో సరిహద్దు నుంచి ఒక బీఎస్‌ఎఫ్ జవాను నీళ్ల పప్పు, మాడిన రొట్టె వీడియో తీసి పెట్టాడు. ఏప్రిల్‌లో ఉద్యోగం పోయింది. బీఎస్‌ఎఫ్ హోం శాఖ కిందిది, రక్షణ శాఖ పద్దు కాదు, నిజమే. పప్పు మాత్రం పప్పే.

ఇంత డబ్బుకూ లెక్క అడగాల్సిన చోటు పార్లమెంటు. 2018 మార్చి 14న లోక్‌సభలో ఏం జరిగిందో మన జిల్లాలకు బాగా గుర్తుండాలి. ప్రత్యేక హోదా కోసం తెలుగు ఎంపీలు వెల్‌లో నినాదాలు ఇస్తున్నారు, ఇతర పార్టీల గొడవలు ఇతర పార్టీలవి. ఆ హోరులో, మిగిలిన పద్దులన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టే గిలటిన్ దిగింది. రక్షణతో సహా 99 మంత్రిత్వ శాఖల, విభాగాల పద్దులు చర్చ లేకుండా సుమారు అరగంటలో పాసైపోయాయి. హోదా రాలేదు, బడ్జెట్ ఆగలేదు. 2023లోనూ వేరే గొడవ మధ్య ఇదే ముచ్చట. 140 కోట్ల జనాభా అనుకుంటే 2025-26 రక్షణ ఖర్చు తలకి 4,800 రూపాయల పైచిలుకు. మన తరఫున ఆ డబ్బు మీద సభలో ఒక్క మాట పడకపోతే, హుండీలో వేసినట్టు కూడా కాదు. హుండీని కనీసం విప్పి లెక్కపెడతారు.

ఇంత పెద్ద అంకెలు పల్లెటూరి బుర్రకు ఎక్కవంటారేమో. దేశంలో సామాజిక తనిఖీని ప్రభుత్వ వ్యవస్థగా నిలబెట్టడంలో ముందు నడిచింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఉపాధి హామీ పనుల మీద 2006లో మొదలుపెట్టి, 2009లో దానికోసమే ఒక సొసైటీ పెట్టారు. మస్టరు రోలు గ్రామసభలో పైకి చదువుతారు. చెరువు గట్టుకు టేపు పెడతారు. మండల ప్రజావేదికలో "నేనా రోజు పనికే పోలేదు, నా పేరెలాగొచ్చీసింది?" అని ఒక అవ్వ లేస్తుంది, ఫీల్డ్ అసిస్టెంటు నీళ్లు నములుతాడు. వందల రూపాయల దగ్గర కూడా రికవరీలు రాస్తారు. అడుగున్నర లోతు గుంటను ఇంత నిష్ఠగా కొలిచిన దేశం, 2024-25లో మూలధనానికి 1,72,000 కోట్లు ఇచ్చి, సవరించేసరికి 1,59,500 కోట్లకు దించింది. ఆ 12,500 కోట్ల కొనుగోళ్లు ఎందుకు కాలేదో ఏ ప్రజావేదికా అడగలేదు.

జలాంతర్గామికి టేపు పెట్టమని ఎవరూ కోరడం లేదు. ఏ కొండ మీద ఎన్ని ఫిరంగులున్నాయో, ఎన్ని తూటాలు మిగిలాయో మాకు అక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం ఎంపీలకు మూడు విన్నపాలు. కాగ్ రక్షణ నివేదికలు మళ్లీ వెబ్‌సైట్‌లోకి రావాలని పట్టుబట్టండి. ఆయుధాలు కాని సరుకులను సైన్యం ఏ ధరకు కొంటున్నదో ప్రకటించమనండి. 'ఇతర సామగ్రి'ని నాలుగు ముక్కలుగానైనా విడదీసి చదివించండి. లోక్‌సభలో ప్రశ్న వేయడానికి రుసుము లేదు. 15 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు.