పెద్దలు తల అడ్డంగా ఊపే సలహాలు

పొందూరు, ఆమదాలవలస, చీపురుపల్లి వైపు నుంచి ఫిజిక్స్ ఎమ్మెస్సీకి వెళ్లే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. అందులోనూ ఫెమ్టోసెకండ్ లేజర్లతో అయస్కాంత సెమీకండక్టర్లలో స్పిన్‌ల కదలికను చూడాలని మనసుపడ్డవాళ్ల కోసం. ఇందులో చెప్పేవన్నీ వినడానికి తలకిందులుగానే ఉంటాయి. ఇంట్లోవాళ్లే కాదు, కొందరు మాస్టార్లు కూడా ఇదేం సలహా అంటారు. అయినా పాటించండి.

వేగంగా జరిగేదాన్ని చూడాలంటే వేగంగా పనిచేసే పరికరం కొనాలని అందరూ అనుకుంటారు. కొనకండి. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఫెమ్టోసెకండ్. ఏ ఎలక్ట్రానిక్ డిటెక్టరూ ఆ వేగాన్ని అందుకోలేదు. అందుకే ఇక్కడ కాలాన్ని గడియారంతో కాదు, దూరంతో కొలుస్తారు. లేజర్ పల్స్‌ను రెండుగా చీలుస్తారు. పంపు అనే మొదటిది శాంపిల్‌లోని స్పిన్‌లను కదిలిస్తుంది, ప్రోబ్ అనే రెండోది కాస్త ఆలస్యంగా వెళ్లి ఏం జరిగిందో చూసి వస్తుంది. ప్రోబ్ దారిలో అద్దాలున్న స్టేజీని ఒక మిల్లీమీటరు వెనక్కి జరిపితే కాంతి రానూపోనూ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ నడవాలి, అంటే 6.67 పికోసెకన్ల ఆలస్యం. ఒక మైక్రాన్ జరిపితే 6.67 ఫెమ్టోసెకన్లు. డిటెక్టరు మామూలు ఫోటోడయోడ్ అయినా చాలు, లక్షల పల్స్‌ల సగటు తీయడమే దాని పని.

కాబట్టి మీ ఓపికంతా ఆ స్టేజీ మీద పెట్టండి. దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి, దూరంగా ఒక అట్టముక్క మీద ప్రోబ్ చుక్కను గమనించండి. చుక్క కాస్త పక్కకు జరుగుతోందంటే, రేపు గ్రాఫ్‌లో మీరు స్పిన్ క్షీణత అనుకుని మురిసిపోయేది ఆ జరగడమే కావచ్చు. ఒక పూట పోయినా సరే, అది కదలకుండా నిలిచేదాకా శాంపిల్ పెట్టకండి.

సిగ్నల్ రాకపోతే పవర్ పెంచమంటారు. మీరు తగ్గించండి. 1996లో స్ట్రాస్‌బర్గ్‌లో బోర్పెర్ బృందం నికెల్ పొర మీద లేజర్ పల్స్ వేసి, పికోసెకండ్ లోపే అయస్కాంతత్వం పడిపోతుందని చూపించినప్పటి నుంచి గట్టిగా కొట్టి చూడటం ఒక అలవాటైంది. ఇండియం మాంగనీస్ ఆర్సెనైడ్‌లోనూ తీవ్రమైన కాంతి అయస్కాంతత్వాన్ని అణచేస్తుందని 2005లో జునిచిరో కోనో తదితరులు ప్రకటించారు. అదీ విలువైన ఫలితమే. కానీ 2007లో గాలియం మాంగనీస్ ఆర్సెనైడ్ మీద వచ్చిన ఫలితం నాకు మరీ ఇష్టం. మొదట పికోసెకండ్ లోపు అయస్కాంతత్వం కొంచెం తగ్గి, ఆపైన వంద పికోసెకన్ల వ్యవధిలో మునుపటికన్నా పెరిగింది. ఈ పదార్థంలో మాంగనీస్ స్పిన్‌లను ఒక కట్టుమీద ఉంచేవి హోల్స్. కాంతి వాటిని కొత్తగా పుట్టిస్తే ఆ కట్టు బిగుస్తుంది. శాంపిల్‌ను కాల్చేసేవాడికి ఈ పెరుగుదల కనపడదు.

గది ఉష్ణోగ్రతలో పనిచేసే అయస్కాంత సెమీకండక్టర్ మీద వెంటనే పడొద్దు. మంచి ప్రాజెక్టు వదులుకుంటున్నావని అంటారు, అననివ్వండి. హిడియో ఓనో బృందం 1990ల్లో తయారుచేసిన గాలియం మాంగనీస్ ఆర్సెనైడ్ సుమారు 110 కెల్విన్, అంటే మైనస్ 163 డిగ్రీల సెల్సియస్‌కు దిగువనే ఫెర్రో అయస్కాంతం. చలిని ఒప్పుకుని, నమ్మదగిన పదార్థంతో మొదలుపెట్టండి. హాఫ్నియం ఆక్సైడ్ పొరల్లో గది ఉష్ణోగ్రత దగ్గరే అయస్కాంతత్వం కనిపించిందని 2004లో ఒక పేపరు వచ్చింది. మరుసటి ఏడే ఇంకో బృందం శుభ్రమైన పొరల్లో అది లేదనీ, స్టీలు పట్టకారుతో పట్టుకున్న శాంపిల్‌లో మాత్రం అలాంటి సిగ్నలే వస్తుందనీ తేల్చింది. పొందూరులో పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ ఎముకే ఎందుకు వాడతారో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పోగును తాకే పనిముట్టు విషయంలో మన ఊళ్లో ఉన్నంత పట్టింపు మీ శాంపిల్ విషయంలోనూ ఉండాలి. ప్లాస్టిక్ పట్టకారు వాడండి.

కొత్త పేపర్ల కన్నా ముందు పాత పుస్తకం చదవండి. 1931లో, లేజర్ అన్న మాటే పుట్టక ముందు, సి.వి. రామన్‌తో కలిసి సూరి భగవంతం చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి, ఫోటాన్‌కు స్పిన్ ఉందని ప్రయోగపూర్వకంగా వాదించారు. అప్పటికి భగవంతానికి సుమారు ఇరవై రెండేళ్లు, అప్పటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లి ఆయనది. మీరు పంపు కాంతిని వలయ ధ్రువణంలోకి మార్చి ఎలక్ట్రాన్లకు స్పిన్ అందిస్తున్నారంటే ఆ ఫోటాన్ స్పిన్‌నే వాడుకుంటున్నారు. ఏ ధ్రువణం ఏ స్పిన్‌ను ఇస్తుందో చెప్పేది సౌష్ఠవం. దాని మీద ఆయన, టి. వెంకటరాయుడు కలిసి గ్రూప్ సిద్ధాంతం గురించి రాసిన పుస్తకం 1948లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నుంచి వచ్చింది. పొందూరు స్టేషన్‌లో రైలెక్కితే చేరే విశాఖలో రాసిన పుస్తకం అది. దాన్ని చదవకుండా విదేశీ పేపర్ల వెంట పడటం నాకు బాధ కలిగిస్తుంది.

ల్యాబులో కిందపడిన స్క్రూ కోసం వంగేముందు కళ్లు మూసుకోండి. కిరణం బల్ల ఎత్తులో నడుస్తుంది, వంగితే కన్ను సరిగ్గా అక్కడికే వస్తుంది. ఉంగరం, వాచీ, గాజులు గుమ్మం దగ్గరే తీసేయండి. 800 నానోమీటర్ల కాంతి మసక ఎరుపుగా మాత్రమే కనిపిస్తుంది కాబట్టి బలహీనమైనదని భ్రమపడతారు. లేజర్ రక్షణ కళ్లద్దాలు తీయమని ఎవరు చెప్పినా, ఆయన ఎంత పెద్దాయనైనా, వినొద్దు.

ఇక అన్నిటికన్నా తలకిందులుగా తోచేది: ఫెమ్టోసెకండ్ లేజర్ దగ్గరికి ఇప్పుడే వెళ్లకండి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, టీఐఎఫ్ఆర్ హైదరాబాద్‌లో అలాంటి లేజర్లు ఉన్నాయి, తర్వాత వెళ్దురుగాని. ముందు మీ కాలేజీ ల్యాబులో ఒక చిన్న డయోడ్ లేజర్, రెండు పోలరాయిడ్లు, తీగ చుట్టిన గాజు కడ్డీ పెట్టుకుని ఫారడే భ్రమణాన్ని కొలవండి. కరెంటు దిశ మార్చితే భ్రమణం గుర్తు మారాలి. మారకపోతే అది అయస్కాంతం వల్ల వచ్చింది కాదు. పంపు ధ్రువణాన్ని కుడి నుంచి ఎడమకు తిప్పినప్పుడు కెర్ సిగ్నల్‌ను, అంటే శాంపిల్ మీద పడి తిరిగొచ్చిన ప్రోబ్ ధ్రువణంలో వచ్చే భ్రమణాన్ని, పరీక్షించే పద్ధతీ ఇదే. గుర్తు మారేదాకా కారణం వెతకండి, మారాక రెండు విలువల తేడాలో సగమే నోట్‌బుక్‌లో రాసుకోండి.