చనిపోయినవాణ్ణి చనిపోనివ్వరు

మా మనవడు వారం రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. మాస్ ఎఫెక్ట్ 3 అనే వీడియో గేమ్ పూర్తిచేశాడు. ఆఖర్న కథానాయకుడు కమాండర్ షెపర్డ్ చనిపోతాడు. "చనిపోలేదు తాతా, ఆ చివరంతా అతని భ్రమ" అంటాడు వీడు. ఎవరు చెప్పార్రా అంటే, "అందరూ అంటారు" అని జవాబు.

కథ మొత్తం చెప్పించుకున్నాను. మొదటి భాగం 2007లో, రెండోది 2010లో, మూడోది 2012 మార్చిలో వచ్చాయట. వీడికప్పుడు నాలుగేళ్ళు. మూడింటికీ మెరుగులు దిద్ది 2021లో మళ్ళీ విడుదల చేస్తే ఇప్పుడు ఆడుతున్నాడు. ఎవర్ని కాపాడావు, ఎవర్ని వదిలేశావు అన్న లెక్కంతా ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్తుంది. అలా అయిదేళ్ళు నడిపించి, చివర్లో మూడు దారులు పెట్టారు. ఎర్రదారి పడితే శత్రువులైన యంత్రాలన్నీ నాశనం. నీలం పడితే అవి నీ అదుపులోకి వస్తాయి. ఆకుపచ్చ పడితే మనుషులూ యంత్రాలూ ఒకటైపోతారు. ఏది పట్టినా మొదట్లో దాదాపు అదే దృశ్యం, రంగు తేడా తప్ప. కోపం రావడం న్యాయమే. ఆ గేమ్ చేసిన కెనడా కంపెనీ బయోవేర్‌కి అభిమానులు మూడు రంగుల కప్‌కేకులు నాలుగు వందల దాకా పంపారట, రుచి మాత్రం అన్నిటికీ ఒక్కటే. ఈ పని నాకు నచ్చింది. జబ్బు పిల్లల కోసం చందాలు పోగుచేశారట, అదీ నచ్చింది.

నచ్చనిది మావాడు చెప్పే ఆ భ్రమ సిద్ధాంతం. శత్రుయంత్రాలు మనసుని మెల్లగా లొంగదీసుకుంటాయి కాబట్టి, చివరి ఘట్టమంతా షెపర్డ్ తలలోనే జరిగిందట. నీలం, ఆకుపచ్చ ఉచ్చులట, ఎర్రదారే మేలుకునే దారట. సాక్ష్యాలూ ఉన్నాయి. షెపర్డ్‌కి తప్ప ఎవరికీ కనబడనట్టుండే ఓ పిల్లాడు, కలల్లో నల్లటి నీడలు. తగినంత సైన్యాన్ని కూడగట్టి ఎర్రదారి పడితే, శిథిలాల మధ్య ఓ ఛాతీ ఒక్కసారి ఊపిరి పీలుస్తుంది. ఆ ఊపిరిని మావాడు నాకు ఆపి ఆపి నాలుగుసార్లు చూపించాడు.

మా రోజుల్లో 'మరో చరిత్ర' సినిమా వచ్చింది. 1978. అప్పటికి భిలాయి మధ్యప్రదేశ్‌లో ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి స్టీల్ ప్లాంటుకి వచ్చినవాళ్ళం మేం. తెరమీద విశాఖ సముద్రం కనబడగానే సగంమందికి కళ్ళు చెమర్చాయి. అరవ బాలు, తెలుగు స్వప్న. ఏడాదిపాటు ఒకర్నొకరు కలవకూడదని పెద్దల షరతు. ఏడాది గడిచాక కలవబోయే ఇద్దర్నీ చంపేశాడు దర్శకుడు బాలచందర్. సైకిళ్ళు నడిపించుకుంటూ సెక్టార్ 6 దాకా ఒక్కరమూ మాట్లాడలేదు. ప్లాంటులో స్లాగ్ పారబోస్తుంటే ఆకాశం ఎర్రబడింది. అప్పుడొకాయన అన్నాడు: "ఆ ఏడాది షరతుకి కుర్రాడు ఒప్పుకోకుండా ఉండాల్సింది." అంతే, తెల్లారేదాకా వాదన. తప్పు తల్లిదండ్రులదా, కుర్రాడి మొండితనానిదా? మర్నాడు ఫస్ట్ షిఫ్ట్‌కి నిద్ర లేకుండానే వెళ్ళాం. ఎన్ని మాటలైనా అనుకున్నాం గానీ, వాళ్ళు చనిపోలేదని మాత్రం ఒక్కడూ అనలేదు. చనిపోయారు కాబట్టే ఆ వాదన.

1981లో అదే కథ హిందీలో 'ఏక్ దూజే కే లియే' అయింది. బాలచందర్ ముగింపు మార్చలేదు. చూసొచ్చిన పక్క క్వార్టరు బిలాస్‌పూర్ ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "మీ తెలుగులోనూ ఇద్దరూ పోతారా?" అని మా ఆవిణ్ణి అడిగింది. పోతారంది ఈవిడ. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా ఇద్దరూ కదల్లేదు.

ఇప్పుడో? ముగింపు నచ్చకపోతే జరగనే లేదంటారు. లేదా మార్చమంటారు. 2012 జూన్‌లో ఆ కంపెనీ ముగింపుకి అదనపు దృశ్యాలు ఉచితంగా ఇచ్చి, మూడు దారులూ వద్దనే నాలుగో దారీ పెట్టింది. అసలు కథ మాత్రం మార్చలేదు, అందుకు మెచ్చుకుంటాను. ఇన్నేళ్ళయినా ఆ ఊపిరిని పట్టుకుని వేలాడేవాళ్ళున్నారు. ఫర్నేసు దగ్గర ముప్పయ్యేళ్ళు పనిచేశాను. నమూనా ల్యాబుకి వెళ్ళి రిపోర్టు వస్తే, అందులో ఏముందో అదే ఉక్కు. నచ్చలేదని రిపోర్టుని కల అనడానికి లేదు.

నాకు ఇంకా బాధేసింది వేరే. ఎర్రదారి పడితే శత్రువులే కాదు, షెపర్డ్ ఓడలో ఉండే ఈడీ కూడా పోతుంది. అది యంత్రమే, కానీ ప్రేమించడం నేర్చుకుంది. గెత్ అనే యంత్రజాతి మొత్తం పోతుంది. కల అనేస్తే వీళ్ళెవరి ఉసురూ తగలదు.

నిన్న రాత్రి భోజనాలయ్యాక వాడి గదిలోకి వెళ్ళాను. చెవులకి హెడ్‌ఫోన్, ఏ దేశంవాడితోనో వాదిస్తున్నాడు. భుజం తట్టి, "ఆ ఊపిరి సంగతి తర్వాత చూద్దాం గానీ, ఈడీ మాటేమిట్రా?" అన్నాను.

కాసేపు నా మొహంకేసి చూశాడు. హెడ్‌ఫోన్ తీసి మంచంమీద పెట్టి, నాకు కుర్చీ లాగాడు.