పులిహోర పద్యానికి టీకా తాత్పర్యం

జేబు చిన్నదైన చింతేల మనకింక
ఆదివారమందు హాయిగాను
పోయివత్తమొక్క పులిహోర గిన్నెతో
చెరువుగట్టు దాక జీవితేశ!

అవతారిక: సికింద్రాబాదు లాలాగూడలో నొక నాయిక, నెలాఖరు ఆదివారము పొద్దున, పేపరు చాటున దాగిన నాయకునితో ఇట్లు పలుకుచున్నది.

టీకా: జీవితేశ = ఓ ప్రాణనాథా! ఈ మాటకు నిఘంటువులలో భర్త యనియు, యముడనియు రెండర్థములు గలవు. ఇచట ఏది గ్రాహ్యమో నాయకుని జవాబును బట్టి తేలును. జేబు చిన్నదైన = ఇరవై అయిదో తారీఖు దాటుటచే జేబు చిక్కిపోయినను. ఆదివారమందు = ఆదివారము నాడు. 'అందు' సప్తమీ విభక్తి ప్రత్యయము. దీనిని 'ఆదివారం మందు' అని విడదీసికొని ఉత్సాహపడు నాయకులు కలరు. అది దుష్టాన్వయము. హాయిగాను = పాదపూరణము; బస్సెక్కిన పిదప దీనికి అర్థము దొరకదు. పోయివత్తము = వెళ్లి వత్తము. 'వచ్చెదము' అని దిద్దబోయిన పండితునికి ఆ పూట ఇంట భోజనము లేదని వినికిడి.

పులిహోర గిన్నె = మూత బిగిసిపోయిన స్టీలు డబ్బా. అంచు చుట్టును పసుపు నూనె జీర, పైన పాత పేపరు చుట్ట, దానిపై రబ్బరు బ్యాండు. చెంచాలు ఇంటనే మరచిపోవుట కవిసమయము.

చెరువుగట్టు = టాంక్‌బండ్. ఊరిలో చెరువులెన్ని యున్నను ఇచట చెరువనగా హుస్సేన్‌సాగరే. ఇది ఇబ్రహీం కులీ కుతుబ్‌షా నాటిది. 1591 నాటి హైదరాబాదును, 1806లో సికందర్ జా పేరు పెట్టుకొన్న మన సికింద్రాబాదును దీని తరువాతివే.

దాక = వరకు. పద్యమునకు ప్రాణమంతయు ఈ రెండక్షరములలోనే యున్నది. శాస్త్రమున హద్దు రెండు తీరులు. హద్దును విడిచి లెక్కించిన మర్యాద, కలుపుకొన్న అభివిధి. నాయిక చెప్పినది అభివిధి. గట్టు కలియును, గట్టు దాటినదేదియు కలియదు. నడక ఉచితము. నన్నయ, పోతన, మొల్ల విగ్రహములను పలకరించుట ఉచితము. ఆటవెలదికి పెద్దదిక్కైన వేమనయు అచటనే కలడు. ఆయనకీ పద్యము వినిపింపరాదు. 58 అడుగుల బుద్ధుడు గట్టు నుండియే చక్కగా కనబడును గనుక ఆయన వద్దకు పోవు బోటు 'దాక'కు అవతలిది. బుడగ, కాల్చిన మొక్కజొన్న పొత్తు, మిరపకాయ బజ్జీ, ఐస్‌క్రీం బండి వద్ద పిల్లవాని ఏడుపు, అన్నియు అవతలివే. నా మతమున, ఈ ఊరిలో టికెట్టు వలన చెడిన సంసారము లేదు. చెడినవన్నియు టికెట్టు కొన్న తరువాతి పదడుగులలో చెడినవే.

శంక: మరి దారి ఖర్చో? సమాధానము: 2023 డిసెంబరు 9 నుండి నాయికకు సిటీ బస్సులో జీరో టికెట్టు, ఆధార్ కార్డు చూపిన చాలును. నాయకునికి ఆ భాగ్యము లేదు. కావున ఆయన ఎంఎంటీఎస్‌ను ఆశ్రయింపవచ్చును. కనీస టికెట్టు 5 రూపాయలు. సికింద్రాబాదులో ఎక్కిన జేమ్స్ స్ట్రీట్ పిదప సంజీవయ్య పార్కు, ఆపై నెక్లెస్ రోడ్. దంపతులు వేర్వేరు వాహనములలో పోవుట విప్రలంభ శృంగారమగును.

తాత్పర్యము: పేపరు పక్కన పెట్టి లే, అని.

విశేషము: కొన్ని ప్రతులలో 'చెరువుగట్టు దాక' అనుటకు 'బొల్లారము దాక' అను పాఠము కలదు. గణము కుంటును గాని ప్రయాణము కుంటదు. అచటి రాష్ట్రపతి నిలయము 1860 నాటి కట్టడము. ఒకప్పుడు చలికాలమున కొన్నాళ్లు మాత్రమే జనులను రానిచ్చెడివారు; 2023 మార్చి నుండి ఏడాది పొడవునా చూడవచ్చును. మనిషికి 50 రూపాయలు. వంటయింటి నుండి భోజనశాలకు పోవు సొరంగము గోడలపై చేర్యాల బొమ్మలు వేసినారు. వంట గిన్నె మోయువారికై ఇంత చక్కని దారి వేరొక కావ్యమున కానము. జేబు మరీ చిక్కినవారికి మౌలాలి గుట్ట మెట్లు కలవు. అవి ఎక్కుటకు రొక్కము కాదు, మోకాళ్లు కావలెను.

రాష్ట్రపతి నిలయమునకు సోమవారము సెలవు. ఆదివారము అడిగిన దానికి "రేపు చూద్దాం" అను జీవితేశులు ఈ సంగతి గమనింపవలెను.