తొమ్మిదో నంబరు ప్లగ్గు

(కూకట్‌పల్లిలో ఒక మెకానిక్ షెడ్డు. బానెట్ ఎత్తి ఉన్న మూడు సిలిండర్ల టర్బో కారు. కంపెనీ ఇచ్చింది 110 హార్స్‌పవర్, ఓనరు ఇంజిన్ కంప్యూటర్ మ్యాపు మార్పించి 150 చేయించాడు. పాత్రలు: టర్బో తమ్ముడు, రీల్స్ రుషి, ఫియట్ బాబాయ్, షెడ్డు భాయ్. షెడ్డు భాయ్‌కి తప్ప మిగతా ముగ్గురికీ అన్నీ తెలుసు.)

తమ్ముడు: భాయ్, 4,000 ఆర్‌పీఎం దాటితే బండి దగ్గుతోంది. అందుకే రేసింగ్ ప్లగ్గులు తెచ్చా. ఇరీడియం. నాలుగు.

భాయ్: మంచిగున్నయ్ తమ్మీ. నీ బండికి సిలిండర్లు మూడే.

తమ్ముడు: సెట్టుగానే ఇస్తారట భాయ్. నాలుగోది డాష్‌బోర్డు మీద పెడతా.

బాబాయ్: పెట్టు, వెంకటేశ్వరస్వామి పక్కనే పెట్టు. ఇద్దరిలో ఒకరైనా ఆదుకోకపోరు.

భాయ్: (డబ్బా తిప్పి చూస్తూ) తొమ్మిదో నంబరా! కంపెనీ ఏసింది ఆరు. మూడు మెట్లు చల్లటిది తెచ్చినవ్.

తమ్ముడు: నంబరు పెరిగేకొద్దీ చల్లన కదా. ఎన్‌జీకే చార్టులో చూశా.

రుషి: రాంగ్ బ్రో! నంబరు పెరిగితే వేడి. బాష్ చార్టు నా ఫోన్లోనే ఉంది.

తమ్ముడు: నీ ఫోను మార్చు.

రుషి: నువ్వు నీ ప్లగ్గు మార్చు.

భాయ్: ఇద్దరూ కరెక్టే చెప్తున్నరు, ఊకె కొట్లాడుతున్నరు. ఎన్‌జీకేల, డెన్సోల నంబర్ పెరుగుతె చల్లటిది. బాష్‌ల, చాంపియన్‌ల పెరుగుతె వేడిది. ఎన్‌జీకే 7, డెన్సో 22 ఒక్కటే.

బాబాయ్: అంటే నంబరు చూసి సంబంధం ఖాయం చేసుకోకూడదన్నమాట. ముందు గోత్రం అడగాలి.

తమ్ముడు: ఏదైనా చల్లటి ప్లగ్గుకి పవర్ ఎక్కువ కదా భాయ్?

భాయ్: పవర్‌కు, దీనికి సంబంధం లేదు. స్పార్కు వేడి కూడ కాదిది. ఈ తెల్ల పింగాణి మొన చూడు. పొట్టిగుంటె వేడి జల్ది హెడ్‌లకు దిగిపోతది, అది చల్లటి ప్లగ్గు. పొడుగుంటె వేడి ఆడనే నిలుస్తది. ఆ మొన 450 డిగ్రీలన్న ఎక్కాలె, లేకుంటె మసి కాలదు. 850 దాటిందనుకో, స్పార్కు పడకముందే పెట్రోల్ అంటుకుంటది. పిస్టన్ పోతది.

రుషి: ఫుల్ కోల్డ్ వేస్తే సేఫ్ కదా మరి!

భాయ్: హార్స్‌పవర్ 75 నుంచి 100 పెరుగుతె ఒక్క మెట్టు దిగుమంటరు. తమ్మికి పెరిగింది 40. బండి గట్టిగ తొక్కుతడని ఒక మెట్టు దించుదం, ఏడు ఏద్దం. తొమ్మిది ఏస్తె ట్రాఫిక్‌ల మసి పట్టి ఆగిపోతది.

తమ్ముడు: నేను రోజూ తొక్కుతా భాయ్.

బాబాయ్: ఎక్కడ తొక్కుతావురా? జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ దాకా ఫస్టు గేర్లోనా?

రుషి: అయితే నాలుగు కాళ్ల ప్లగ్గు వేద్దాం. నాలుగు స్పార్కులు.

భాయ్: కాళ్లు నాలుగున్నా ఒక్కపారికి ఒక్క కాలికే దుంకుతది. ఏది అల్కగ దొరికితె దానికి.

రుషి: ఇరీడియం 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు తెలుసా! అంత స్ట్రాంగ్!

భాయ్: అందుకే దాని మొన సన్నగ చేస్తరు, చాన రోజులొస్తది. నికెల్‌ది కూడ గిట్లనే పనిచేస్తది, జల్ది అరుగుతది గంతే.

బాబాయ్: మా రోజుల్లో ఫియట్‌కి ప్లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించేవాళ్లం.

భాయ్: సార్, ఇరీడియంను రుద్దుతె మొన పోతది. మీరు జర దూరం ఉండుండ్రి.

(కాయిల్ పీకి, పాత ప్లగ్గు విప్పుతాడు. పింగాణీ మొన లేత గోధుమ రంగులో శుభ్రంగా ఉంది. తీగ గేజి తెస్తాడు. 0.8 తీగ సందులో దూరి వదులుగా ఊగింది. 0.9 కూడా అడ్డు లేకుండా దూరింది.)

భాయ్: ఇగో, నీ దగ్గు ఇది. కంపెనీ 0.8 పెట్టింది, అరిగి 0.9 దాటింది. నువ్వేమో బూస్ట్ పెంచినవ్. సిలిండర్ల గాలి కిక్కిరిసి ఉంటది, అండ్ల సందు దాటాల్నంటె స్పార్కుకు వోల్టేజీ ఎక్కువ కావాలె. కాయిల్ పాతదే. గట్టిగ తొక్కంగనే మిస్ కొడ్తది.

తమ్ముడు: అయితే పూర్తిగా తగ్గించేయ్ భాయ్. 0.4 పెట్టు.

భాయ్: సిగ్నల్ కాడ ఐడిల్‌ల వణుకుతది. 0.65 పెడ్త. (కొత్త ఏడో నంబరు ప్లగ్గు కాలిని మాత్రమే, మధ్య మొనకు తగలకుండా, కొంచెం కొంచెంగా వంచుతూ) ఏ పెట్రోల్ పోస్తున్నవ్?

తమ్ముడు: మామూలుదే.

భాయ్: మ్యాపు దేనికి రాసిండ్రు?

తమ్ముడు: (నెమ్మదిగా) హై ఆక్టేన్ పెట్రోల్‌కి.

భాయ్: నాకింగ్ వస్తె ప్లగ్గు మార్చుతె పోదు తమ్మీ.

బాబాయ్: మ్యాపుకి అరవై వేలు పోశాడు, పెట్రోలు బంకు దగ్గర మాత్రం పొదుపు. ఇంతకీ ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పావా?

(తమ్ముడు ఫోను చూసుకుంటాడు. భాయ్ టార్క్ రెంచితో మూడు ప్లగ్గులూ బిగించి, తమ్ముణ్ణి ఎక్కించుకుని ఒక రౌండు తిప్పి తెస్తాడు. దగ్గు లేదు.)

తమ్ముడు: సూపర్ భాయ్! బిల్లెంత?

భాయ్: ప్లగ్గులకు వాటి రేటు, బిగించినందుకు రెండొందలు, గ్యాప్ పెట్టినందుకు మూడొందలు.

తమ్ముడు: గ్యాపుకి మూడొందలా? ఖాళీ జాగాకి కూడా డబ్బులేంటి భాయ్!

బాబాయ్: ఒరేయ్, హైదరాబాదులో డబ్బులు పలికేది ఖాళీ జాగాకే రా.